పదకొండు వినకూడని పాట

మార్చి 9

ఏడేళ్ళుగా ఈ అభయారణ్యం ఆస్పత్రిలో గదులు తుడుస్తున్నాను. ఈరోజు డాక్టరమ్మ పిలిచి చీపురు పక్కన పెట్టమంది. కొండచరియ విరిగిపడ్డ చోట ఎలుగుబంటి పిల్ల దొరికిందట. తల్లి రాళ్ళ కింద పోయింది. పిల్లను నేను సాకాలట. నాకేం తెలుసమ్మా అన్నాను. మీరు మాట్లాడరు కదా, అదే మీ క్వాలిఫికేషన్ అంది.

నోట్లో నాలుక లేని మనిషని ఇన్నాళ్ళూ అందరూ జాలిపడ్డవాళ్ళే. అది పనికొచ్చింది ఇవాళే.

రూల్స్ రాసి పెట్టుకుంటున్నాను. మాట్లాడకూడదు. ముద్దు చేయకూడదు. పేరు పెట్టకూడదు. మనిషి ముఖం, మనిషి గొంతు దానికి అలవాటు కాకూడదు. అలవాటైతే అడవిలో వదలరు, బతుకంతా బోనే. ఇక్కడికి వచ్చినవాటిలో ఇది పదకొండోది. కాబట్టి పదకొండు అనాలి.

ఇక్కడి గార్డును అందరూ రేడియో అంటారు, మాట ఆపడు కాబట్టి. చెల్లెమ్మా, ఈ డ్యూటీ నాకు వేసుంటే వారం తిరక్కుండా అది ఎలక్షన్లో నిలబడేది అన్నాడు.

మార్చి 10, ఉదయం 6

నా ముఖానికి వల. ఒంటికి మట్టిలో, ఆకుల్లో నానబెట్టిన ముసుగు. సీసా నోటికి అందించగానే రెండు ముందుకాళ్ళతో నా బొటనవేలు పట్టుకుంది. ఛాతీ మీద తెల్లటి నెలవంక. ఇంత చిన్న ఒంటి మీద అంత తీరుగా ఎవరు దిద్దారు? దేవుడికి పనిమీద ఎంత శ్రద్ధ!

ఆరు గంటలు నా ప్రార్థన వేళ. అమ్మ నేర్పిన దేవుడి పాట మనసులోనే అనుకున్నాను.

మార్చి 11

చేతుల మీద దాని గోళ్ళ గీతలు. డెటాల్ వాసన రాకూడదట. ఉప్పునీళ్ళతో కడిగాను.

జూన్ 21

ఇప్పుడు కంచె లోపలి అడవిలో రోజూ నాలుగు గంటలు తిప్పుతున్నాను. తిప్పడమేమిటి, అదే నన్ను తిప్పుతోంది. ఈరోజు ఒక రాయి దగ్గర ఆగి, చెవి వంచి, గోటితో నెమ్మదిగా ఎత్తింది. కింద చీమల గుడ్లు. నాకు నేర్పడం చేతకాదు, దానికి నేర్పించుకోవడం అక్కర్లేదు. ఆ చీమలున్నట్టు దానికెవరు చెప్పారు?

ఎదుటి శిఖరం మీద మంచు ఇంకా ఉంది. నిటారు బండ మీద కొండమేకలు, గోడకు అతికించినట్టు. పిల్ల మేక ఒకటి దూకింది. నా గుండె ఆగింది. దానిదేమీ ఆగలేదు. ఇన్నేళ్ళు ఈ కొండల్లో ఉండి నేను నేలనే చూశానని తెలిసింది. తుడిచేదాన్ని కదా.

జనవరి 2

ఆఫీసువాళ్ళు కొత్త డైరీ ఇచ్చారు. నడుము లోతు మంచు. పదకొండు గుహలో ముడుచుకుంది. వదిన అసూయపడుతోంది. వచ్చే జన్మంటూ ఉంటే ఎలుగుబంటినై పుడతాను, మూడు నెలలు వంట తప్పుతుంది అంది. అన్నయ్య వినిపించుకోనట్టు గది హీటర్ బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. నేను వాళ్ళింట్లో ఉండబట్టి ఇరవై ఏళ్ళు. వదిన నోరు పెద్దది. నాకు వేడన్నం పెట్టే చెయ్యీ ఆమెదే.

ఏప్రిల్ 18

పరీక్ష. మనిషి గొంతుకు భయపడుతుందా అని, కంచె దగ్గర రేడియో గంటసేపు మాట్లాడాడు. పదకొండు చెట్టెక్కింది. తర్వాత వదినను పిలిపించారు. నోరు తెరిచీ తెరవకముందే చిటారు కొమ్మ మీద ఉంది, మధ్యాహ్నం దాకా దిగలేదు. మా ఆయనకు ఇలాంటి చెట్టు ఒకటి కావాలి అంది వదిన. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పాసైంది. జూన్‌లో విడుదల.

ఏప్రిల్ 19

కంచె బయట, ముసుగు లేకుండా, బకెట్లు కడుగుతున్నాను. చెట్టు మీద నుంచి పదకొండు దబదబా దిగి పరుగున వచ్చింది. తీగకు ముక్కు ఆనించి నా వైపే చూసింది. అప్పుడు వినపడింది నాకు, నా గొంతు. దేవుడి పాట.

పదమూడు నెలలుగా మనసులో అనుకుంటున్నాననే అనుకున్నాను.

ఇంటికొచ్చి వదినను అడిగాను, నేను పైకి పాడతానా అని. తుమ్మెద తిరిగినట్టు ఇల్లంతా వినబడుతుంది తల్లీ, నువ్వొచ్చాక అలారం కొనడమే మానేశాం అంది.

ఏప్రిల్ 20

చెప్పలేదు.

ఏప్రిల్ 21

దాన్ని వదలబోయే శిఖరం అవతలి వాలులో ఆడవాళ్ళు గడ్డి కోస్తారు. కూనిరాగాలు తీస్తూ కోస్తారు. అది నేననుకుని వెళ్తుంది. వాళ్ళు కెవ్వుమంటారు. తుపాకీ ఉన్నవాడు వస్తాడు.

చెబితే బోను. చెప్పకపోతే తుపాకీ. ప్రార్థన చేయడానికి కూర్చున్నాను, నోరు తెరవడానికి భయం వేసింది.

ఏప్రిల్ 22

చెప్పాను. ఏడ్చాను కూడా. డాక్టరమ్మ తిట్టలేదు. మీకు తెలియకుండా నేర్పారు, ఇప్పుడు తెలిసి మరిపించాలి అంది. ముసుగు తీసేసి పాడాలి. అది వచ్చినప్పుడల్లా డబ్బా కొట్టి, అరిచి, నీళ్ళ పైపుతో తరమాలి. వేరేవాళ్ళు చేస్తే వాళ్ళకే భయపడుతుంది. నేనే చేయాలి. నెల టైమిచ్చింది.

ఏప్రిల్ 24

పాడాను. వచ్చింది. అరుపు రాలేదు. నా బూటు వాసన చూసి, పక్కన కూర్చుంది.

ఏప్రిల్ 25

వదిన పెరట్లో నిలబెట్టి నేర్పింది. పొట్టలోంచి రావాలి అంది. నేను అరిస్తే పక్కింటావిడ దగ్గు మందు తెచ్చిచ్చింది. చివరికి వదిన, అరవడానికి మనిషి కావాలంటే నన్ను తలుచుకో, ఇరవై ఏళ్ళుగా నా నోటికి జడిసి మింగినవన్నీ కక్కెయ్ అంది. నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు. నీ మీద ఏమీ లేవు వదినా అన్నాను. నిజమే. ఆమె లోపలికి వెళ్ళి ముక్కు చీదింది.

ఏప్రిల్ 27

అరిచాను. వదిన మీద కాదు. అది తూటా తగిలి పడి ఉన్నట్టు తలుచుకుని అరిచాను. పోవే, పో, నా దగ్గరకు రాకు అని. కొండ తిరిగి అరిచింది. నీళ్ళు సూటిగా ముఖం మీద కొట్టాను. నేను పట్టిన పాలు తాగిన ముఖం. వెనక్కి వెనక్కి నడిచి, చెట్టు వెనక దాక్కుని తొంగి చూసింది.

రేడియో రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు.

మే 9

ఇంకా వస్తోంది. సగం దూరం దాకా.

మే 20

పల్లవి మొదలెట్టగానే చెట్లలోకి పరుగు. డాక్టరమ్మ నా భుజం నొక్కింది. గొంతు పూర్తిగా పోయింది, రాసి చూపిస్తున్నాను అందరికీ.

జూన్ 3

పదకొండును బోనులో రెండు రోజులు మోసి పై శిఖరం దాటించారు. నేనూ నడిచాను, యాభై ఏళ్ళ మోకాళ్ళతో. అంత ఆకాశం ఒక్కచోట నేనెన్నడూ చూడలేదు. కింద పచ్చిక మైదానం, మంచు కరిగిన నీళ్ళు, పేరు తెలియని పూలు. ఇదంతా నా పదకొండుకా అనుకున్నాను. కాదు, పదకొండే వీటిది.

బోను తలుపు నన్నే ఎత్తమన్నారు. బయటికొచ్చి గాలి వాసన చూసింది. డాక్టరమ్మ తల ఊపింది, చివరి పరీక్ష. పాడాను. డబ్బా కొట్టలేదు, అరవలేదు, ఉత్త పాట. అమ్మ పాడినట్టే బాగా పాడాను.

అంత వేగంగా పరుగెత్తగలదని నాకే తెలియదు.

సెప్టెంబరు 14, ఉదయం 6

పదకొండు మెడకు కట్టిన కాలర్ సిగ్నల్ రెండో శిఖరం అవతల ఉందట. వాకిట్లో నిలబడి, కొండ వైపు తిరిగి, గొంతెత్తి పాట మొత్తం పాడాను. ఎవరూ రాలేదు. దేవుడు విన్నాడు.