గోడ మీద వడియాల కేసు

చాండ్లర్, అమెరికా, మే 3

కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటు చక్రపాణికి, ఇరవయ్యో నంబరింటి సుబ్బులు పిన్ని దీవించకుండానే రాయిస్తున్నది.

నోటితో చెబితే చెల్లదు, కాగితం మీద పెట్టమన్నావు. నాకు చదువు రాదు, మా మనవడికి తెలుగు రాదు. కాలనీలో పిల్ల ఒకతి రాసిపెడుతోంది. విను. పెరటి గోడ మీద గుమ్మడి వడియాలు పెట్టాను. రోజూ ఒకటి మాయం. పక్షి అనుకుందామంటే, ఏ పక్షి అయినా రోజూ వరసలో మూడోదే ఏరుకుంటుందా? పక్కింట్లో అద్దెకున్న ఇండోనేషియా ఇంజనీరింగు కుర్రాడే దొంగ. పేరు బిమో. బిమో అంటే వాళ్ల జావాలో మన భీముడేనట. పేరు భీముడిది, మనిషి అగ్గిపుల్ల. వాణ్ణి వెళ్లగొట్టు.

ఇట్లు, సుబ్బులు వేలిముద్ర

తా.క.: ముద్ర పసుపుగా ఉందని కంగారు పడకు. పులిహోర కలుపుతున్నాను.

మే 8

పిన్నిగారికి చక్రపాణి నమస్కారాలు.

మీ కంప్లయింట్ అందింది. రూల్ ప్రకారం మూడు కంప్లయింట్లు నిజమని తేలితే అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయాలి. ప్రతిదానికీ విచారణ జరగాలి. క్లబ్‌హౌస్‌లో ఏసీ పాడైంది కాబట్టి మా హాల్లోనే జరిపాను. కుర్రాడు నేరం ఒప్పుకున్నాడు. వాళ్లమ్మ రొయ్యల అప్పడాలు చేసి అమ్ముతుందట. వానాకాలమంతా అవి బూజు పట్టిపోతాయట. అందుకని ఎండతో తిండి ఆరబెట్టే పెట్టె ఒకటి తయారు చేస్తున్నాడు. మీ వడియం ఏ రోజుకి ఎంత ఆరిందో తూచి చూస్తున్నాడు. "అడగొచ్చుగా?" అన్నాను. "ఆంటీ చేతిలో ఎప్పుడూ అట్లకాడ ఉంటుంది అంకుల్" అన్నాడు. మొదటి తప్పుగా నమోదు చేశాను.

విధేయుడు, చక్రపాణి

తా.క.: మీకు రాసిపెట్టే పిల్ల చేతిరాత ముత్యాలే. మా మనీషాని ఆరేళ్లు ఆదివారం తెలుగు బడికి డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. ఇరవై మూడేళ్లొచ్చినా 'అ' రాదు. టీ మాత్రం బాగా పెడుతుంది. ముద్దాయి మూడు కప్పులు తాగాడు.

మే 12

చక్రపాణికి సుబ్బులు పిన్ని రెండో ఫిర్యాదు.

ఇప్పుడు అడిగే తీసుకుంటున్నాడు, కాదనను. కానీ నిన్న వడియం వేయించి పెడితే కరకరా నమిలి, ఎవరు నేర్పారో గానీ వచ్చీరాని తెలుగులో, "మా అమ్మది ఇంకా పొంగుతుంది మామ్మా" అన్నాడు! డెబ్భై ఎనిమిదేళ్ల చెయ్యి ఇది. ఇంతమాట అన్నవాణ్ణి ఊరికే వదులుతావా? శనివారమే విచారించు. నీ భార్య రేణు ఇంట్లో ఉండేలా చూడు. వంట సంగతి మగవాళ్లకేం తెలుస్తుంది?

ఇట్లు, వేలిముద్ర

తా.క.: వాడికి మన కారం పడదు. విచారణలో మిరపకాయ బజ్జీలు పెట్టకండి.

మే 17

పిన్నిగారికి నమస్కారాలు.

బిమో వాళ్లమ్మ పంపిన అప్పడాలు తెచ్చాడు. రేణు వేయించింది. నిష్పక్షపాతంగా రెండూ తిన్నాను, గిన్నెలు ఖాళీ అయ్యేదాకా. తీర్పు రిజర్వు చేశాను. రేణు మాత్రం వెంటనే ఇచ్చేసింది: "పిల్లాడు చిక్కి సగమయ్యాడు, రోజూ భోజనానికి రమ్మనండి." విచారణ మధ్యలో అతను మా గ్యారేజ్ తలుపు బాగుచేశాడు. నాలుగేళ్లుగా దాన్ని కాలితో తన్ని తెరుస్తున్నాం.

విధేయుడు, చక్రపాణి

తా.క.: దయచేసి మూడోది పెట్టకండి. చదువు మధ్యలో కుర్రాడు ఎక్కడికి పోతాడు?

మే 19

చక్రపాణికి పిన్ని మూడో ఫిర్యాదు. పెడుతున్నాను, ఏం చేస్తావో చెయ్యి.

ఇది వడియాల గొడవ కాదు. ఆ బిమో ఈ కాలనీలోనే ఒక తెలుగు పిల్లని ప్రేమించాడు. చదువయ్యాక ఆ ఎండపెట్టెల ఫ్యాక్టరీ పెట్టి, ఆ పిల్లనే చేసుకుంటాడట. పిల్లకీ ఇష్టమే. తండ్రికి చెప్పాలంటే ఇద్దరికీ వణుకు. ఆ మహానుభావుడు మగపిల్లల్ని గడప తొక్కనివ్వడట. వీణ్ణి వెళ్లగొడతావో, ఆ తండ్రికేం చెప్పాలో రాసిస్తావో తేల్చు. సంతకం పెట్టు. స్టాంపు కూడా వెయ్యి.

ఇట్లు, వేలిముద్ర

తా.క.: ఈ తడి చుక్క నాది కాదు, రాసే పిల్లది. ఉల్లిపాయలు తరుగుతోందట. పెన్నుతో ఎలా తరుగుతుందో!

మే 24

పిన్నిగారికి, అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద, చక్రపాణి.

విచారణ ముగిసింది. మూడో కంప్లయింట్ కొట్టివేశాను. ప్రేమించకూడదని మన రూల్‌బుక్‌లో లేదు, చెత్తడబ్బా రంగు గురించే ఉంది. మూడుసార్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని చూశాను. తల్లి కష్టం తీర్చడానికి ఇంత చదివేవాడు పెళ్లాన్ని చూసుకోడా? ఆ తండ్రి ఎవరో గానీ, ఇలాంటి అల్లుణ్ణి కాదంటే తలకాయ లేనివాడని నా మాటగా చెప్పండి.

సంతకం, స్టాంపు

తా.క.: విచారణకి మనీషా పట్టుచీర కట్టుకుంది. దానికి అసోసియేషన్ అంటే ఇంత గౌరవమని తెలియదు.

మే 25

చిరంజీవి చక్రపాణికి, ఈసారి దీవించే రాయిస్తున్నాను.

నీ మాట ఆ తండ్రికి ఇదిగో, ఇప్పుడే చెబుతున్నాను. ఆ తండ్రివి నువ్వే.

మొదటి ఉత్తరం నిజంగా కోపంతోనే రాయించాను. "వాణ్ణి వెళ్లగొట్టు" అనగానే రాసే పిల్ల పెన్ను ఆగిపోయింది. గట్టిగా అడిగితే ఏడుస్తూ చెప్పింది. "మా నాన్న లోపలికి రానివ్వడు మామ్మా" అంది. "విచారణకైతే తనే పిలుస్తాడు కదే పిచ్చిదానా" అన్నాను. ఎదురుగా కూర్చోబెట్టి, ప్రశ్నలడిగి, పలహారం పెట్టి, పిల్ల చేత టీ ఇప్పిస్తే మా కాలంలో పెళ్లిచూపులనేవారు. నువ్వు మూడుసార్లు చేశావు.

నీ స్టాంపు కాగితం నా పోపులపెట్టెలో భద్రంగా ఉంది. రేపు పదింటికి నాలుగో విచారణకి వస్తున్నాం. బిమో వాళ్లమ్మ ఫోన్‌లో ఉంటుంది.

ఇట్లు, పెళ్లిపెద్ద వేలిముద్ర

తా.క.: వడియాలు నేను తెస్తాను. తీర్పు రిజర్వు అన్నావంటే అట్లకాడ కూడా తెస్తాను.

ఇంకో తా.క.: నాన్నా, 'అ' అంటే అల్లుడు. ఆరేళ్ల డ్రైవింగ్ వృథా కాలేదు. మనీషా