గట్టిగా నలిపిన దూది

ఫిబ్రవరి, మంగళవారం, హామిల్టన్

సిగరెట్ మానేసి వారమైంది. దాని బదులు నికోటిన్ లిక్విడ్‌ని వేడిచేసి ఆవిరి పీల్చే వేప్ ట్యాంకు కొన్నాను, లోపలి తీగ కాయిల్ మనమే చుట్టుకునే రకం. ఇది కుదరకపోతే మళ్లీ సిగరెట్టే, ఆ సంగతి నాకు తెలుసు.

వీడియోలు చూస్తూ చుట్టిన తీగ ఈరోజు బాగా కుదిరింది. బటన్ నొక్కితే మధ్యలోంచి సమానంగా ఎర్రబడింది. తీరా లిక్విడ్ పీల్చుకోడానికి అందులో దూది పెట్టి పీలిస్తే మళ్లీ గొంతులో మాడు వాసన.

బేస్‌మెంట్‌లో అయిదుగురం ఉంటాం, వాసన దాచలేం. క్లాసు నుంచి వచ్చిన నరేశ్ ముక్కు మూసుకున్నాడు. "అన్నా, దీనికన్నా నీ సిగరెట్టే నయం. ఇగో, నాది ఒకటి తీసుకో" అని ప్యాకెట్ చాపాడు. నా చెయ్యి కాస్త లేచింది కూడా. దించేశాను.

అతనే ట్యాంకు విప్పి, దూది లాగి నలిపి చూశాడు. "ఇదేందన్నా, దీపానికి వత్తి చేసినట్టు చేసినవ్? ఇంత గట్టిగుంటే లిక్విడ్ ఎట్ల ఎక్కుతది?"

నిజమే. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని చేసినట్టే, దూది అందగానే అరచేతుల మధ్య రుద్దేశాను. ఈసారి రుద్దకుండా, వేళ్లతో దువ్వి వదులుగా దూర్చాను. లిక్విడ్ పోసి, బాగా నానేదాకా ఆగి పీల్చాను. మాడు వాసన లేదు.

సిగరెట్ మీద మనసు మాత్రం పోలేదు. ఇది చాలుతుందో లేదో...

రేపు పొద్దున బస్టాప్‌లో నరేశ్ ఎలాగూ వెలిగిస్తాడు. వారం నుంచీ దూరంగా వెళ్లి నిలబడుతున్నాను. రేపు దీన్ని చేతిలో పట్టుకుని అతని పక్కనే నిలబడతాను, చాలుతుందో లేదో అక్కడే తేలుతుంది.