ఆయన గుండె ఆగలేదు

బిడ్డా యాదమ్మా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చదవలేవని తెలిసీ రాయిస్తున్నాను.

ఆ రోజు గుండె దడదడలాడుతోందని నువ్వంటే, "మంచిగనే నడుస్తున్నవ్ గదా, నాటకాలొద్దు" అని నిన్ను మళ్లీ పనికి తోలిన సూపర్‌వైజర్‌కు పోయిన నెల అదే దడ వచ్చింది, పాశమైలారం ఫ్యాక్టరీ గేటు ముందు నా చాయ్ డబ్బా దగ్గరే.

ఫ్యాక్టరీవాళ్లు అంబులెన్సు పిలిస్తే నవ్వుకుంటూ తానే ఎక్కాడు. వైర్లు పెట్టి మిషన్ చూసిన అంబులెన్సు ఉద్యోగి ముఖం మారిపోయింది. "కదలకుండ పండుకో సారూ, గుండె ఏ నిమిషమన్నా ఆగుతది" అంటూ మత్తు సూది వేసి, ఛాతీకి కరెంటు షాకిచ్చాడు. ఆ మిషన్ చెడిపోవాలని మొక్కుకున్నాను. చెడిపోలేదు.

ఇవాళ చాయ్‌కి వచ్చాడు. "నా బిడ్డది గూడ నాటకం గాదు సారూ" అన్నాను.

"ఏ బిడ్డ?" అని అడిగి, చక్కెర తక్కువ వెయ్యమన్నాడు.