పిల్లి చెవి పొడిచిన వారికే ఇల్లు

వరంగల్ జిల్లా, తొర్రూరు మండలం, తొర్రూరు గ్రామ కాపురస్తురాలు, కీర్తిశేషులు కందాడి రాజలింగం గారి భార్య వెంకటనర్సమ్మ అనే నేను, నా తదనంతరం నా ఆస్తిపాస్తులు ఎవరికి ఎట్లా చెందాలో తెలుపుతూ రాయించిన వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగానే ఉన్నది. ఈ ముక్క అందరూ ఆనవాయితీగా రాస్తారు. నేను మాత్రం గట్టిగా రాయిస్తున్నాను, ఎందుకంటే కింది సంగతులు చదివాక మీకు తప్పకుండా అనుమానం వస్తుంది. నా మీద ఎవరి బలవంతమూ, ప్రోద్బలమూ లేవు. దస్తావేజులు రాసే సోమనర్సయ్య మాత్రం "పిల్లి ముచ్చట వీలునామల ఏందమ్మా, ఆఫీసుల నన్ను చూసి నవ్వుతరు" అని కలం కింద పెట్టాడు. చాయ్ తాగించి మళ్లీ ఎత్తించాను.

నా గుండె బలహీనపడిందని హనుమకొండ డాక్టరు చెప్పాడు. పోవడానికి నాకు బెంగ లేదు. నేను పోయిన మర్నాడు నా పిల్లికి రక్తంలో సక్కెర ఎంతున్నదో ఎవరు చూస్తారన్నదే బెంగ. సూది మందు వేయకపోతే అది చస్తుంది, పరీక్ష చేయకుండా వేసినా చస్తుంది. ఈ కాగితం పుట్టింది అందుకు.

1. పిల్లి ఆనవాలు: గోధుమరంగు ఒళ్లు, నల్ల చారలు, ఎడమ చెవి అంచున సూది గాట్లు. పేరు పట్వారి. రోజూ వాడకట్టంతా తిరిగి ప్రతి ఇంట్లో తన వాటా వసూలు చేసుకొస్తుందని ఎదురింటి ఓదెమ్మ పెట్టిన పేరు. సర్కారు ఊళ్లలో పట్వారీల కొలువులు తీసేసింది గాని మా పట్వారిని ఎవరూ కదిలించలేకపోయారు. కిందటేడు ఎండాకాలంలో అది ఎంత తిన్నా చిక్కిపోతూ, కుండలో మూతి పెట్టి నీళ్లు తాగడం మొదలుపెట్టింది. పెరట్లో అది ఒంటికి పోసిన చోట చీమలు పట్టాయి. ఆ చీమల్ని నేను ఎరుగుదును. మా ఆయన చివరి యేడు స్నానాల గది దగ్గర చూశాను. "నాకేం బీమారి లేదు, మీ డాక్టర్లకే ఉన్నది" అని ఆయన బాలూషా మిఠాయిలు తింటూనే పోయాడు. ఆయన మీద కోపం నాకింకా తీరలేదు. ఆ కోపం నా చరాస్తి, దాన్ని ఎవరికీ రాసివ్వడం లేదు.

2. పరీక్ష నేర్చుకున్న విధం: పశువుల డాక్టరు సంజీవ గారి దగ్గరికి పిల్లిని గంపలో పెట్టుకొని పోతే ఆయన కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "అవ్వా, బర్లకు సూదులేస్తం, గొర్లకు మందు తాపుతం, పిల్లికి సక్కెర చూసుడు నాకెవ్వరు చెప్పలే" అన్నాడు. అయినా మంచివాడు. హైదరాబాదులో తన గురువును అడిగి వచ్చి, మా అరుగు మీద కూర్చుని నేర్పాడు. పిల్లిని గొంగడిలో చుట్టి తల మాత్రం బయట ఉంచాలి. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో చెవిని కాయాలి. నరం పొంగాక అంచున సూదితో పొడిచి, వచ్చిన చుక్కను రంగు పట్టీ మీద పెట్టాలి. ఒక నిమిషం ఆగి దూదితో తుడవాలి, ఇంకో నిమిషం ఆగి డబ్బా మీది రంగులతో పోల్చాలి. రంగు ఎంత ముదిరితే సక్కెర అంత ఎక్కువ. పట్టీలు దొరకడం కష్టం కాబట్టి కత్తెరతో నిలువునా చీల్చి రెండు చేసి వాడాలి.

మా గోడ గడియారానికి సెకండ్ల ముల్లు లేదు. అందుకని నేను బతుకమ్మ పాట ఒక చరణం పాడి నిమిషం కొలుస్తాను. డాక్టరు తన చేతి గడియారం పెట్టి చూసి సరిగ్గా ఉందన్నాడు. తొర్రూరు వాళ్లు పాటను సాగదీయరు.

3. నా మరిది గోవర్ధన్: నేను రెండు రోజులు పెళ్లికి పోతూ పరీక్ష ఆయనకు అప్పజెప్పాను. ఆయనది మిర్చి అడ్తి వ్యాపారం. చెవి పొడిచాడు, పట్టీ తుడిచాడు, అన్నీ సరిగ్గానే చేశాడు. పట్టీ కారుమబ్బు రంగుకు తిరిగితే సంతోషపడిపోయి "వదినె, ఫస్టు రకం రంగు ఎక్కింది, మస్తున్నది సరుకు" అని పెళ్లింటికి కబురు పంపాడు. జీవితమంతా రంగు ముదిరిన మిరపకాయకే మంచి ధర కట్టినవాడు మరి. భోజనం మధ్యలో లేచి బస్సెక్కి వచ్చాను. అందుచేత గోవర్ధన్‌కు పిల్లి మీద ఏ అధికారమూ ఇవ్వడం లేదు. రంగుల బొమ్మ ఉన్న ఖాళీ డబ్బా ఆయనకు ఇస్తున్నాను, అడ్తి గల్లాపెట్టె మీద పెట్టుకొని రోజూ చూసుకోవాలి. అరవైతొమ్మిదిలో ఉద్యమం నాడు ఈ గోవర్ధనే మా ఆయన సైకిలు తీసుకొని జనగామ ఊరేగింపుకు పోయి, చెప్పులు కూడా లేకుండా నడిచి వచ్చాడు. పోలీసులు గుంజుకున్నారన్నాడు. ఆ సైకిలును తర్వాత మానుకోటలో చూసినవాళ్లున్నారు. ఆ సైకిలును కూడా సర్వహక్కులతో ఆయనకే రాసిస్తున్నాను. ఎక్కడున్నదో ఆయనే వెతుక్కోవాలి.

4. నా కొడుకు దయాకర్: మీటింగుల్లో మైకు పట్టుకొని ఈ మండలం కోసం రక్తం ధారపోస్తానంటాడు. పట్వారి చెవి మీద ఆవగింజంత చుక్క చూసి వెల్లకిలా పడ్డాడు. లేచాక మొదటి మాట "అవ్వా, గింత లొల్లి ఎందుకే? సంచిల ఏసుకపోయి ఆకేరు వాగు అవుతల ఇడిసిపెట్టొస్త" అని. మనసు చెడ్డది కాదు, పట్టీలు అయిపోయినప్పుడల్లా పార్టీ పని మీద హైదరాబాదు పోయి తెచ్చింది వాడే. వాడికి వరి పొలమూ, తూర్పు చెలకా దఖలు పరుస్తున్నాను. ఏ పంట వచ్చినా ముందు మందూ పట్టీల ఖర్చు పక్కకు తీసి, ఆ తర్వాతే వాడి ఎలక్షన్లు.

5. నా కోడలు ప్రేమలత: దీని చేయి తేలిక. పొడిచినట్టు పిల్లికే తెలియదు. కానీ ఇది తరిగొప్పుల పిల్ల. అక్కడ బతుకమ్మ పాటను చరణం చివర గుంజి గుంజి, గాలిలో తిప్పి, అప్పుడు కింద దించుతారు. నేను జ్వరంతో పడుకున్న రోజు అది పుట్టింటి రాగంలోనే పాడింది. పాట సాగింది, పట్టీ ముదిరింది, ఆ పూట సక్కెర తగ్గి ఉన్న పిల్లికి ఎక్కువ ఉన్నట్టు కనబడి సూది మందు ఎక్కువ ఎక్కింది. కాసేపటికి పట్వారి తాగినవాడిలా అడ్డంగా నడిచి గడప మీద కూలబడింది. పాలు తెచ్చిన తారి "అవ్వా, మీ పట్వారి పోయిండే" అని అరిచింది. నేను లేచి వచ్చేసరికి ప్రేమలత ఏడుస్తూ వేలితో బెల్లం పానకం దాని చిగుళ్లకు రాస్తున్నది. పిల్లి కళ్లు తెరిచి ముందుగా దాన్నే రక్కింది. రక్కించుకుంటూనే ప్రేమలత ఒళ్లోంచి దించలేదు.

ఆ రోజు నేను చాలా మాటలు అన్నాను. అది "మా ఊర్ల గట్లనే పాడుతరు అత్తమ్మా" అన్నది ఒక్కటే. ఇందుమూలంగా తీర్పు ఏమనగా, పరీక్షకు తొర్రూరు పాట, పండుగకు తరిగొప్పుల పాట. పండుగ నాడు దాని పాటే బాగుంటుంది.

6. తారి: తండా నుంచి పాలు తెచ్చే తారి నాకు స్నేహితురాలు. పిల్లిని గొంగడిలో చుట్టడం దాని పని. "పిల్లికి సక్కెర బీమారి ఏందే అవ్వా, మా తండల మనుషులకే సక్కెర దొరకది" అని రోజూ అంటూనే రోజూ చుడుతుంది. నా వెండి కడియాలు దానికి. వద్దంటే కూడా గొంగడిలో చుట్టి తొడగాలి.

7. ఇల్లు: నేను ఉంటున్న పెంకుటిల్లు, పెరడు, బావి, వంటపాత్రలతో సహా, పట్వారి చెవి పొడిచే ప్రేమలతకు, దాని పేరు మీదనే చెందాలి. దయాకర్ అందులో దాని అనుమతితో ఉండవచ్చు. ఇంట్లో ఉన్న అందరూ ఈ కింది కట్టుబాట్లు పాటించాలి. పిల్లి తినకముందు ఇంట్లో ఎవరూ కంచం ముందు కూర్చోరాదు, ఆలస్యంగా తింటే మందు తిరగబడుతుంది. ఎవరి ఇంట శుభకార్యమైనా పిల్లికి మిఠాయి పెట్టరాదు. పిల్లి మధ్యాహ్నం కునుకు తీస్తే లేపరాదు. పని చేయలేదని, ఊరికే పడి తింటున్నదని పిల్లిని సూటిపోటి మాటలు అనరాదు. పిల్లి అలిగి వెళ్లిపోతే దయాకరే స్వయంగా పోయి బతిమాలి తేవాలి. పిల్లికి నలతగా ఉంటే ఎలక్షన్లున్నా సరే ఆ రోజే దవాఖానకు తీసుకుపోవాలి. బస్టాండు దగ్గర బీక్యా కూల్‌డ్రింకుల షాపు ఫ్రిజ్జులో, సోడాల పక్కన, పిల్లి మందు సీసా ఎప్పుడూ ఉండాలి. ఇక్కడ సోమనర్సయ్య మళ్లీ కలం ఆపి నా ముఖం చూశాడు. రాయమన్నాను.

8. వేలి పరీక్ష: పట్వారి గడప మీద పడిన తర్వాత ఒక నియమం పెట్టాను. పిల్లి చెవి పొడిచే ముందు, పొడిచేవారు తమ వేలు పొడుచుకొని పట్టీ చూసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రంగు లేతగానే ఉండాలి కాబట్టి, ముదిరితే పాట సాగిందని తెలిసిపోతుంది. నా వేలికి లేతగా వచ్చింది. ప్రేమలత వేలికి ముదురుగా వచ్చింది. "మల్ల లేటు పాడిన అత్తమ్మా" అని నెత్తి కొట్టుకుంది. చప్పట్లు కొడుతూ ఊపిరి తిప్పుకోకుండా మళ్లీ పాడింది. మళ్లీ ముదురే. నువ్వు నోరు మూసుకో అని నేనే పాడాను, నా తొర్రూరు పాట. పట్టీ పట్వారి పట్టీ కంటే నల్లగా అయింది.

కుండలో నీళ్లు అయిపోతుంటే పిల్లిని తిట్టేదాన్ని. కోడలి రవికలు వదులైతే పనిలో ఒళ్లు విరిగిందనుకున్నాను. ప్రేమలత నా చేతులు పట్టుకుని "అత్తమ్మా, ఎవ్వలికి చెప్పకు. ఆయిన ఎలక్షన్ల తిరుగుతుండు, నా దవాఖాన ముచ్చట ఇప్పుడెందుకు? అయిపోయినంక చూస్త" అని ఒట్టు వేయించుకుంది. మా ఆయన కూడా అట్లాగే తర్వాత చూద్దామంటూ పోయాడు. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. నేను చెప్పడం లేదు, రాయిస్తున్నాను.

వచ్చే వారం నా గుండె చూపించుకోవాలని, తోడు రమ్మని చెప్పి దాన్ని హనుమకొండ తీసుకుపోతాను. ఆలోగా నా గుండె ఆగితే, దాన్ని తీసుకుపోవాల్సింది ఈ కాగితమే. ఈ ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్నాను, దీన్ని పోగొట్టుకోలేను. అది నా కడుపున పుట్టలేదు గాని దాని మీద నాకున్న ప్రాణం దయాకర్ మీద కూడా లేదు. వాడు చదివి బాధపడితే పడనీయండి.

9. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత పశువుల డాక్టరు సంజీవ గారిది. మనుషుల ఆస్తి వ్యవహారాలు తనకు తెలియవన్నారు. పిల్లి సక్కెర కూడా మొదట తెలియదన్నారు, నేర్చుకోలేదా?

10. పట్వారికి ముసలితనం వచ్చింది. అది నాకంటే ముందు పోయినా, వెనుక పోయినా, ఈ వీలునామా రద్దు కాదు. అది పోయిన దినం నుంచి ఏడవ నంబరులో పిల్లి అని ఉన్న ప్రతిచోటా నా కోడలు ప్రేమలత అని చదువుకొని, అక్షరం పొల్లుపోకుండా జరిపించాలి.

విభవ నామ సంవత్సరం, కార్తీక మాసం, 17 నవంబరు 1988, తొర్రూరు.

(సంతకం) కందాడి వెంకటనర్సమ్మ

సాక్షులు:
బీక్యా, కూల్‌డ్రింకుల షాపు, బస్టాండు
ఓదెమ్మ, ఎదురిల్లు (వేలిముద్ర)

రాసినవాడు: సోమనర్సయ్య, చెప్పింది చెప్పినట్టు