మాయ అన్నం తిన్నది

గురువారం

ప్రభువా, స్తోత్రం. మాయ ఈ రోజు అన్నం తిన్నది. వాళ్లమ్మను నెల్లూరు ఆసుపత్రిలో చేర్చి, పాపను మా పిల్లల హోమ్‌కు తెచ్చి నాలుగు రోజులైంది. తోటి నేపాలీ పిల్లలు బతిమాలినా అన్నం ముట్టలేదు, ఎందుకో చెప్పలేదు. మాకు చేపలిచ్చే రమణమ్మక్క ఈ పొద్దున, వాళ్లమ్మతో రొయ్యల గుంటల్లో పనిచేసే నేపాలీ ఆమెను వెంటబెట్టుకొచ్చింది. ఆమె ఒళ్లో కూర్చుని మాయ ఏడుస్తూ ఏదో చెప్పింది.

“ఇక్కడ తింటే ఇక్కడే ఉంచేస్తారని భయమంట మేడమ్,” అని ఆమె నాకు తెలుగులో చెప్పింది.

“అయితే వాళ్లమ్మ చేతనే చెప్పించండి మేడమ్. బిడ్డ ఎన్నాళ్లు పస్తుంటాది?” అన్నది రమణమ్మక్క.

ఫోన్‌లో తల్లి గొంతు వినగానే మాయ కళ్లు తుడుచుకుంది. మారు కూడా పెట్టించుకుని తిన్నది. నాకు తోచనిది రమణమ్మక్కకు తోచింది. ఆమె చల్లగా ఉండాలి.

వచ్చే వారమే వచ్చి తీసుకెళ్తానని తల్లి మాట ఇచ్చిందట. డాక్టర్ నాతో అలా అనలేదు...