గోడకు మొక్కిన చేతులు

మార్చి 2

కోనరావుపేట నుంచి ఇప్పుడే వచ్చాను. అరచేతుల తోలు మళ్ళీ లేచింది. కన్నతల్లి కదా, అవ్వే కొబ్బరినూనె రాసింది.

సెల్ టవర్ మీద ఒక పెద్దమనిషి. భూమి కాగితాల్లో తన పేరు తప్పు పడిందని, సరిచేసేదాకా దిగనని పొద్దున్నే ఎక్కి కూర్చున్నాడు. పోలీసులు ఎప్పటిలాగే నాకు ఫోన్ చేశారు. తాడు లేదు, నిచ్చెన లేదు... వట్టి చేతులతో పైకి పోయి, నా వీపు పట్టుకోమన్నాను. నువ్వెవరి బిడ్డవని అడిగాడు. ఎల్లారెడ్డిపేట మల్లేశం బిడ్డనని చెప్పాను.

"గా గోడలెక్కే దొంగ మల్లేశమా?"

టవర్ కడ్డీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. చస్తానని ఎక్కిన మనిషికి దొంగ బిడ్డ వీపంటే భయం! ఎంతసేపు బతిమిలాడానో. దించాక, కాళ్ళు నేలకు ఆనగానే మొదట తడుముకున్నది చొక్కా జేబు.

అక్కడ నవ్వొచ్చింది. బస్సెక్కాక ఏడుపొచ్చింది.

మార్చి 3

జగిత్యాలలో నేను పనిచేసే మెడికల్ షాపు సేటు మొహం మాడ్చుకున్నాడు. హీరోవైతే ఊరికి హీరోవి, నా కౌంటర్లో ఎవరు నిలబడాలని. నిజమే.

యూట్యూబ్ వాళ్ళు 'జగిత్యాల సూపర్ హీరో' అని వీడియో పెట్టారు. కింద ఎవడో కామెంట్ — 'నాయిన దోసుకొచ్చె, బిడ్డ మోసుకొచ్చె.' ప్రాస బాగానే కుదిరింది వెధవకు.

మార్చి 5

పని లేదు. చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

తాతకు ఇవే చేతులు. నడుముకు మోకు తాడు కట్టకుండా తాటిచెట్టు ఎక్కేవాడట, అరచెయ్యి ఆనిస్తే చాలు, మానుకు అతుక్కునేది. తర్వాత బాపుకు. ఆయన చెట్లు మానేసి గోడలు పట్టాడు. నాకు వచ్చిందని తెలిసిన రోజు అవ్వ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కల్లు అమ్ముతారు, కల్లు పట్టే లొట్లు కడుగుతారు, చెట్టు ఎక్కరు. "ఎవ్వలికి చెప్పకు బిడ్డా" అంది. ఎన్నాళ్ళు దాస్తాను... బిల్డింగు మీద తాపీ పనివాడు వేలాడుతుంటే చూస్తూ నిలబడలేకపోయాను. అంతే, అప్పటి నుంచి ఇదే బతుకు.

బాపు దొరికిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు, నవ్వు రెండూ వస్తాయి. చెట్టు ఎక్కేముందు చెప్పులు మొదట్లో విడవాలి, మానును తాకి కళ్ళకద్దుకోవాలి. తాత నేర్పింది అది. బాపు గోడలకూ అదే చేశాడు. దొంగతనానికి పోయినా సరే, చెప్పులతో ఎక్కితే పాపమట. కోరుట్లలో గస్తీ పోలీసులు గోడ కింద పద్ధతిగా విడిచిన చెప్పుల జత చూసి, పక్కనే కూర్చున్నారు. చెప్పుల మనిషి ఎప్పటికైనా రావాలి కదా. దిగుతూ వాళ్ళను చూసి దూకాడు, కాళ్ళు విరిగాయి. జైలు. ఇప్పుడు సిరిసిల్లలో ఒక సాంచాల షెడ్డులో, మరమగ్గాల మధ్య కూర్చుని నూలు కండెలు చుట్టుకుంటున్నాడు. కట్టె లేకుండా నడవలేడు.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను ఇంకా పాలే తాగుతున్నాను.

మార్చి 8

కోరుట్లలో దొంగతనం. మూడో అంతస్తు, తలుపులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. బాల్కనీ వైపు నుంచి పోయి బంగారం తీశారు.

ఎస్సై పిలిస్తే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ పోయాను. ఆయన ఈ మధ్యే వచ్చాడు. నా మీద అనుమానం లేదు, సలహా కోసం పిలిచాడట. "మీ బాపు కాళ్ళు పోయినయి గదా, లేకుంటె ముందుగాల ఆయన్నే పిలుస్తుంటి" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

సలీం అనే పెయింటర్‌ను పట్టుకొచ్చారు. పోయిన వారం తాడు కట్టుకుని ఆ గోడకు రంగు వేసింది అతనే. బెంచీ మీద తల వంచుకుని ఉన్నాడు, గోళ్ళల్లో ఇంకా నీలం రంగు.

తర్వాత ఎస్సై ఎదురింటి కెమెరా వీడియో చూపించాడు. మొహానికి తువ్వాలు కట్టుకున్న మనిషి. గోడ దగ్గర ఆగి, చెప్పులు పక్కకు విడిచి, కుడిచెయ్యి గోడకు ఆనించి... రెండు కళ్ళకూ అద్దుకుని... అంతే, ఆపైన కెమెరాకు అందలేదు.

చూసిన వాళ్ళెవరికీ అది ఏమీ కాదు. నాకు మాత్రం అది మా ఇంటి మొక్కు.

ఏమన్న తెలుస్తుందా అని అడిగాడు ఎస్సై.

"తెలుస్తలేదు సార్."

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట!

మార్చి 9

సలీం భార్య షాహీన్ కోరుట్ల నుంచి షాపుకు వచ్చింది. చంకలో పిల్ల. టవర్ల మీది మనుషులను దించే అక్కవు నువ్వే కదా, నీ మాటంటే పోలీసులు వింటారు అంది. తన భర్తకు ఎత్తంటే భయమట. ఎక్కే రోజు పొద్దున అన్నం కూడా తినడట, కక్కుకుంటాడని. అలాంటి మనిషి తాడు లేకుండా మూడంతస్తులు ఎట్లా ఎక్కుతాడు?

"జర చెప్పక్కా. ఆయన తోని గాదని చెప్పు."

చూస్తానన్నాను. పిల్లకు జ్వరం సిరప్ ఇచ్చాను. ఆమె కళ్ళల్లోకి చూడలేదు.

మార్చి 10

సిరిసిల్ల పోయాను. షెడ్డులో సాంచాల మోత, పక్కన మనిషి అరిచినా వినపడదు. బాపు మూలన కూర్చుని కండెలు చుడుతున్నాడు. కట్టె గోడకు ఆనించి ఉంది. బయటికి రమ్మన్నాను. కట్టె పట్టుకుని, కుంటుకుంటూ వచ్చాడు... ఎంత బాగా కుంటాడో.

చెయ్యి చూపించమన్నాను. చూపించలేదు. నేనే లాగి విప్పాను. అరచేతుల తోలు లేచి ఉంది, అచ్చం నాకు లేచినట్టే. వట్టి చేతులతో ఎక్కితేనే అట్లా లేస్తుంది, నూలు చుడితే కాదు.

అబద్ధమాడతాడనుకున్నాను. ఆడలేదు. విరిగిన కాళ్ళు ఎప్పుడో అతుక్కున్నాయట. కాళ్ళున్న దొంగకు ఎవరూ పని ఇవ్వరని కట్టె వదల్లేదట.

"ఎక్కబుద్ధయింది బిడ్డా. గంతే."

ఎక్కితే ఎక్కినవు, బంగారం ఎందుకు తీసినవని అడిగాను. ఆయన నన్ను తెలివితక్కువ దాన్ని చూసినట్టు చూశాడు. "ఎక్కినోడు ఉత్త చేతులతోని దిగుడు మనింట్ల ఉన్నదా?"

కోపం రావాలి. వచ్చింది కూడా. దాని వెనకే జాలి. కల్లు లొట్టి లేకుండా చెట్టు దిగితే నామోషీ అనుకునే ఇల్లు మాది. ఆ నామోషీని ఈయన ఎక్కడికి మోసుకుపోయాడు...

సలీం సంగతి చెప్పాను. ఆదివారం దాకా చూస్తానని, నువ్వే పోయి ఒప్పుకోకపోతే నేనే చెప్తానని అన్నాను. అట్లయితే ఆయనతో పాటు నా పేరు కూడా పోతుందన్నాడు. ఆ తర్వాత నా వీపు ఎవరు ఎక్కుతారన్నాడు. అది మాత్రం నిజమే చెప్పాడు.

మార్చి 11

అవ్వకు చెప్పాను. బీడీలు చుట్టే చేట పక్కకు పెట్టి, ఆకు తుంపులన్నీ ఏరింది. మళ్ళీ చేట ఒళ్ళో పెట్టుకుంది.

మార్చి 12

ఆదివారం రాకముందే చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకని నన్ను నేనే అడుగుతున్నాను.

మార్చి 14

ఎస్సై ఫోన్. కోరుట్లలో నీళ్ళ ట్యాంకు మీద ఎవరో ఉన్నారు, తొందరగా రమ్మని. పోయేసరికి జనం, అందరి చేతుల్లో ఫోన్లు. పైన బాపు.

మెట్లున్నాయి ఆ ట్యాంకుకు. మెట్ల మీదుగా పోలేదట. నడిబజారు చూస్తుండగా, కట్టె పారేసి, స్తంభం పట్టుకుని బల్లిలా ఎక్కాడట. ఎస్సై నా వైపు చూశాడు. ఇక అడగాల్సిందేముంది?

ఎక్కాను. పైన ఎండ, గాలి. బాపు గోడ మీద కూర్చుని ఉన్నాడు.

"ఠాణల కూసోని చెప్పుడు నాతోని గాదు. ఇప్పుడు అందరు చూసిండ్రు. సాల్దా?"

చాలదు, నోటితో కూడా చెప్పాలి అన్నాను. తలూపాడు.  తర్వాత చేతులు ముందుకు చాపి చూపించాడు. 

"పట్టు దొరుకుతలేదు బిడ్డా. దిగుడు తెలుస్తలేదు."

మెట్ల మీద దిగనన్నాడు. ఎక్కిన స్తంభం మీదుగానే దించుదామని నా వీపు మీద ఎక్కించుకున్నాను. ఎంతమందిని మోశానో, ఇంత భయం ఎన్నడూ లేదు. సగం దిగాక చెవి దగ్గర అడిగాడు, బరువైతున్ననా అని.

"అయితున్నవ్ బాపూ."

 నా మెడ మీద తడి తగిలింది.

కింద ఎస్సైకి నోటితోనే చెప్పాడు. బంగారం కండెల సంచిలో ఉందట. జీపు ఎక్కేటప్పుడు వెనక్కి చూడలేదు.

మార్చి 15

సలీంను వదిలేశారు. యూట్యూబ్‌లో కొత్త పేరు — 'తండ్రిని పట్టించిన సూపర్ హీరో.' ఫోన్ పక్కకు పెట్టేశాను.

అవ్వ అన్నం పెట్టి నా పక్కనే కూర్చుంది. 

మార్చి 18

పగలు షాహీన్ షాపుకు వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను. కౌంటర్ ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడింది. సలీం పనికి పోవడం లేదట. తాడు చేతిలోకి తీసుకుని మళ్ళీ మూల పెడుతున్నాడట. కాలనీలో పిల్లలు వాళ్ళ గుమ్మం ముందు దొంగాట ఆడుతున్నారట. గోడలకు రంగులేసేవాడిని ఇంట్లోకి రానివ్వాలంటే జనానికి నమ్మకం ఉండాలి కదా అంది. ఆ మాట నాకు కొత్తది కాదు.

అప్పుడు అడిగింది, గొంతు పెంచకుండా.

"ఆయన్ని ఠాణల కూసోబెట్టిన దినమే నీకు గా వీడియో చూపిచ్చిండ్రట గదక్కా. మీ బాపును గుర్తువట్టలేదా?"

తెలియలేదని అనొచ్చు. ఎస్సైతో ఒకసారి అన్నదే కదా, రెండోసారి ఇంకా సులువు.

"గుర్తువట్టిన."

ఆమె పిల్లను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని వెళ్ళిపోయింది. అడిగిన సిరప్ కౌంటర్ మీదే ఉండిపోయింది.

ఇన్నేళ్ళు ప్రతిదానికీ బాపును అనుకున్నాను. ఈ ఒక్కటి ఆయన చేసింది కాదు. ఆయన చేతులు కాదు, ఆయన పేరు కాదు. ఇది నేను చేసింది.

సలీంతో చెప్పిందో లేదో. ఎస్సైకి చెప్తుందో ఏమో... రేపు సిరప్ పట్టుకుని కోరుట్ల పోవాలి. వాళ్ళు తలుపు తీస్తే ఏం చెప్పాలో ఇంకా తెలియదు.