మిట్ట అవతలి మూడు గొర్రెలు

నాయినా,

బాగున్నావా అని రాయబోయి ఆగిపోయాను. నువ్వు పోయి నెల దాటింది. ఇప్పటికీ ఎవరైనా నీ పేరెత్తితే, మంద వెంట పోయాడని చెప్పబోతున్నాను...

ఆ రోజు బడిలో భాగహారాలు చేస్తున్నాం. మా బడిలో ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు వచ్చింది కదా, పుస్తకంలో ఎటు చూసినా కొత్త మాటలే. భాగించగా మిగిలినదాన్ని శేషం అంటారట. ఆ మాట నాకెంత నచ్చిందో... సాయంత్రం నీకు చెప్పాలని పలక మూలన రాసుకున్నాను. అప్పుడే చిన్నాయిన తడిసిన బట్టలతో గుమ్మంలోకి వచ్చాడు. పంతులుతో ఏదో అన్నాడు. పిడుగు, మిట్ట... ఆ రెండు మాటలే నాకు వినబడ్డాయి.

మిట్ట మీద ఎందుకున్నావు నాయినా? ఉరిమితే ఎత్తు మీద ఉండొద్దని అందరికీ చెప్పేవాడివి నువ్వే కదా. కోట్‌పల్లి కాపరులు, మర్పల్లి కాపరులు అందరూ అదే అడిగారు.

చెదిరిన మందను వాళ్ళే తోలుకొచ్చి దొడ్డిలో పెట్టారు. అన్నీ వచ్చాయన్నారు. కానీ ఎన్ని రావాలో ఎవరికి తెలుసు? మొత్తం నోటితో అంటే మందకు దిష్టి అని నువ్వు అమ్మకు కూడా చెప్పలేదు. నేను అడిగితే నవ్వేవాడివి. "మీ పంతులుకేం బిడ్డా, ఆయనకు గొర్లు లెవ్వు. మొత్తమెంత మొత్తమెంత అని మస్తు అడుగుతడు."

నాకు లెక్క నేర్పింది కూడా గొర్రెల మీద కాదు, గులకరాళ్ళ మీద. రెండు, నాలుగు, ఆరు... మూడు, ఆరు, తొమ్మిది... ఐదు, పది, పదిహేను... ఐదుల లెక్క రాస్తే చివర ఐదూ సున్నా, ఐదూ సున్నా అని మాత్రమే వస్తాయని ఒక రోజు పలక తెచ్చి చూపించాను. గుర్తుందా? "రాస్తే గట్ల గమ్మత్తుగుంటదా? నాకైతే నడిచినట్టు వినిపిస్తది" అన్నావు.

పొద్దున తడిక జరిపి గొర్రెలను బయటికి వదిలేటప్పుడు నీ పెదవులు కదిలేవి, మాట వచ్చేది కాదు. రెండేసి, మూడేసి, ఐదేసి లెక్కపెట్టగా వచ్చిన మిగులు మాత్రం నాకు చెప్పేవాడివి. ఆ పొద్దున కూడా చెప్పావు. "రెండ్లల్ల ఒకటి మిగుల్తది. మూడ్లల్ల ఏం మిగల్ది. అయిదుల్ల ఒకటి. గిది యాదికుంటే ఫికర్ లేదు."

నువ్వు లేని మొదటి పొద్దుల్లో ఒకనాడు చిన్నాయిన తడిక జరిపాడు. నాకు తెలియకుండానే నా పెదవులు కదిలాయి. రెండు, నాలుగు... చివరి జత డెబ్బై ఎనిమిది దగ్గర ఆగింది. ఒకటి మిగలాలి కదా... మిగలలేదు.

పలక తీసుకున్నాను. మూడుతో భాగిస్తే శేషం లేదు, అది సరిపోయింది. ఐదుతో భాగిస్తే ఒకటి రావాల్సిన చోట మూడు వచ్చింది. అంటే మూడో, ఎనిమిదో, పదమూడో తగ్గాయి. ఎనిమిది తగ్గితే రెండ్ల లెక్కలో ఒకటి మిగిలేది. పదమూడు తగ్గితే మూడ్ల లెక్క చెడేది. ఇక మిగిలింది మూడే.

చిన్నాయిన నమ్మలేదు. పలకలో గొర్రెలు దొరుకుతాయా అని కసిరాడు. కానీ నా ఏడుపు చూడలేక నలుగురితో బయలుదేరాడు.

మూడూ దొరికాయి నాయినా, బతికే ఉన్నాయి. మిట్ట అవతల వాగు కోసేసిన గండిలో ముళ్ళపొదల మధ్య ఇరుక్కున్నాయి. అక్కడికి పోవాలంటే మిట్ట ఎక్కి దిగాల్సిందే...

చిన్నాయిన ఆ మాట చెప్పి మిట్ట వైపు చూశాడు. అప్పుడు నాకు అర్థమైంది. వానలో నువ్వు లెక్క పెట్టుకున్నావు. మిగులు తప్పింది. మూడు తక్కువని నీకు తెలిసింది. తెలిసింది నీకొక్కడికే కాబట్టి నువ్వొక్కడివే పోయావు.

లెక్క రాకపోతే లోతట్టులోనే కూర్చునేవాడివా? మూడు పోతే పోనీ అని ఎందుకు అనుకోలేదు? మేము గుర్తుకు రాలేదా...

ఈ పొద్దున చిన్నాయిన మందను తాండూరు బేరగాళ్ళకు అమ్ముదామన్నాడు. అమ్మ వద్దంది. రేపటి నుంచి తనూ ఆయనా కలిసి తోలుకుపోతారట. నేను బడికి పోవచ్చంది. నా ముఖంలోకి చూసి, అసలు ఎన్ని ఉండాలని అడిగింది.

నువ్వు దాచింది నాకు తెలిసిపోయింది. అయినా చెప్పేశాను. అమ్మకు, చిన్నాయినకు, పక్కింటి కాపరులకు కూడా వినబడేలా చెప్పాను. దిష్టి తగిలితే తగలనీ. ఎన్ని ఉండాలో నలుగురికీ తెలిస్తే, తగ్గిననాడు వెతకడానికి నలుగురు పోతారు. ఒక్కరే మిట్ట ఎక్కరు.

కోపం చేయకు నాయినా. ఇకమీదట రోజూ సాయంత్రం తడిక దగ్గర నిలబడి గట్టిగానే లెక్కపెడతాను.

ఈ సాయంత్రం ఎనభై ఒకటి. అన్నీ ఇంటికి వచ్చాయి.

నీ బిడ్డ,
మల్లమ్మ